తల్లిని చూసే పిల్లను తేవాలి

రాజపాళయం కుక్కపిల్లను కొనబోయే రైతులు తెలుసుకోవలసిన సంగతులు

పలమనేరు: "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అన్నారు పెద్దలు. బర్రెను కొనేటప్పుడు పూటకు ఎన్ని పాలిస్తుందో దగ్గరుండి పిండించి చూడందే మన రైతులు డబ్బు లెక్కపెట్టరు. ఎద్దును కొనాలంటే పళ్లు పట్టి చూస్తారు, సుడులు చూస్తారు, నాలుగడుగులు నడిపించి మరీ చూస్తారు. కుక్కపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివంతా ఎటు పోతుందో గాని, సెల్‌ఫోనులో బొమ్మ చూసి వేలకు వేలు పంపేస్తున్నారు.

అడవి అంచున నాలుగెకరాల మామిడితోట ఉన్న ఒక రైతు కూడా అలాగే చేశాడు. తోటలోకి రాత్రిళ్లు అడవిపందులు దిగుతాయి. అది చాలదన్నట్టు బోరు మోటారు దగ్గర రాగి వైరు రెండుసార్లు దొంగల పాలైంది. పదేళ్లుగా కాపలా కాసిన నాటుకుక్క ముసలిదై చనిపోయింది. మంచి జాతికుక్కను తేవాలని ఇంట్లో అనుకున్నారు. చదువుకుంటున్న కొడుకు ఫోనులో వెతికి, పాలలా తెల్లగా మెరిసే పిల్ల బొమ్మను తండ్రికి చూపించాడు. "అసలు రాజపాళయం, నలభై రోజుల పిల్ల, తల్లిదండ్రులు ఇద్దరికీ కాగితాలున్నాయి" అని అవతలి మనిషి వాట్సాప్‌లో చెప్పాడు. బేరమాడితే రూ. 15 వేలకు దిగాడు. డబ్బు ముందే పంపాలన్నాడు. పంపారు.

రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున బస్సులో పండ్ల అట్టపెట్టె వచ్చింది. పెట్టెలో వణుకుతూ ఒక పిల్ల ఉంది. కాగితం ముక్క ఒక్కటి కూడా లేదు. పశువుల ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు నోరు తెరిచి చూసి, ముందరి పాలపళ్లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయని, దీనికి నెల కూడా నిండలేదని చెప్పారు. మేకపాలు పట్టి, వేడి తగిలేలా గోనెసంచిలో పడుకోబెట్టి ఆ ఇంటి ఇల్లాలు దాన్ని బతికించుకుంది.

మూడు నెలలు వచ్చినా పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. జాతికుక్కకు పొగరెక్కువ అనుకున్నారు. ఒకరోజు ఇంటి ముందు ట్రాక్టరు వెనక్కి వస్తోంది. చక్రం వెనక నీడలో పిల్ల నిద్రపోతోంది. ఇంజను రొద చేస్తున్నా, నలుగురూ కేకలు పెట్టినా అది లేవలేదు. కూలికి వచ్చిన ఒక అమ్మ పరుగున వెళ్లి కాలు పట్టి లాగింది గనుక బతికింది. ఆసుపత్రిలో డాక్టరు దాని వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టారు. పిల్ల చెవి కూడా కదపలేదు. పుట్టుచెవుడు అని తేల్చారు. కొడుకు ఆ మనిషికి ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఆ తర్వాత ఆ నంబరు పలకనే లేదు.

ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. అరుదైన జాతి అన్న పేరు ఎక్కడ ఉంటే దళారి అక్కడ ఉంటాడు. పుంగనూరు పొట్టి ఆవుకు గిరాకీ వచ్చినప్పుడు పొట్టిగా ఉన్న ప్రతి దూడా పుంగనూరు దూడే అని అమ్మిన మాట మన జిల్లా వారికి కొత్త కాదు. కుక్కల విషయంలో ఆ మోసం ఇంకా సులువు. పిల్లగా ఉన్నప్పుడు ఏ తెల్లకుక్క ఏ జాతిదో పోల్చుకోవడం కష్టం.

పేరు వెనక ఊరు

రాజపాళయం అనేది తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో పడమటి కనుమల పాదాన ఉన్న పట్టణం. గోదాదేవి అవతరించిన శ్రీవిల్లిపుత్తూరుకు దగ్గరలోనే ఉంది. మనకు అది అంత పరాయి ఊరు కూడా కాదు. విజయనగర రాజుల కాలంలోనూ ఆ తర్వాతా దక్షిణానికి తరలిపోయిన తెలుగు రాజుల కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఊరికి ఆ పేరు వారి వల్లనే వచ్చింది. ఇన్ని తరాలైనా ఇళ్లలో తెలుగే మాట్లాడుకునే వారు అక్కడ ఉన్నారు. 1949 నుంచి 1952 వరకు ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే.

ఈ కుటుంబాలు తోటలకు, ఇళ్లకు కాపలాగా, వేటకు తోడుగా పెంచుకున్న జాతే రాజపాళయం కుక్క. ఒళ్లు పాల తెలుపు, ముక్కు గులాబి రంగు, కళ్లు బంగారు ఛాయ. చెవులు కిందికి వాలి ఉంటాయి. కాళ్లు పొడుగు, ఛాతీ లోతు, నడుము సన్నం. బొచ్చు పొట్టిగా ఒంటికి అంటుకుని ఉంటుంది. పెరిగిన మగకుక్క మనిషి మోకాలు దాటి తొడ దాకా వస్తుంది. ఇంట్లో ఒకరికి బాగా మాలిమి అవుతుంది. కొత్తవారిని దగ్గరికి రానివ్వదు.

తమిళనాడులో ఇంకా చిప్పిపారై, కన్ని, కొంబై అనే జాతులున్నాయి. కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ముధోల్ కుక్క ఉంది. వీటిలో చిప్పిపారై, కన్ని, ముధోల్ సన్నగా సాగి ఉండి పరుగుకు పేరుపడ్డవి. రాజపాళయం వాటికంటే ఒళ్లు ఉన్నది, కాపలాకు పేరుపడ్డది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ కుక్కలను దేశీయ జాతులుగా నమోదు చేసింది. 2005 జనవరిలో తపాలా శాఖ విడుదల చేసిన నాలుగు కుక్కల బిళ్లల్లో రాజపాళయం ఒకటి. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ రేడియో ప్రసంగంలో దేశవాళీ కుక్కలను పెంచమని చెబుతూ ఈ పేరు కూడా ఎత్తారు. పేరు ప్రచారమయ్యే కొద్దీ కొనేవారు పెరిగారు. కొనేవారి వెనకే దళారులూ వచ్చారు.

తెలుపు తెచ్చిన తంటా

ఈ జాతికి చెవుడు తెలిసిన లోపమే. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కొనేవారి కళ్లు తెరుచుకుంటాయి.

ఒంటికి, బొచ్చుకు రంగునిచ్చే కణాలు కొన్ని ఉంటాయి. అవే కణాలు చెవి లోపలి భాగంలో కూడా ఉండి వినికిడి నరాలకు ఆసరాగా పనిచేస్తాయి. రంగు బొత్తిగా లేని కుక్కల్లో కొన్నింటికి చెవిలో కూడా ఈ కణాలు ఉండవు. అలాంటి పిల్ల పుట్టిన మూడు నాలుగు వారాలకు లోపలి వినికిడి భాగం చచ్చుబడిపోతుంది. ఇక దానికి మందు లేదు. ఒక్క రాజపాళయానికే కాదు, తెలుపు ఎక్కువగా ఉండే విదేశీ జాతుల్లోనూ ఈ బాధ ఉంది.

నిజానికి రాజపాళయం కుక్కల్లో తెల్లవి మాత్రమే పుట్టవు. మచ్చలున్నవి, గోధుమరంగువి, నల్లవి కూడా పుడతాయి. పూర్వం అలాంటి పిల్లలను పుట్టగానే తీసేసేవారు. కొనేవాడు తెల్లనిదే కావాలంటే పెంచేవాడు తెల్లనిదే ఉంచుతాడు. తెలుపును తెలుపుతోనే కలుపుతూ, దగ్గరి రక్తంతోనే దాటిస్తూ పోతే లోపాలు పోగవుతాయి. మచ్చలేని తెలుపు కోసం మనం పట్టే పట్టు కొంత, డబ్బాశ కొంత కలిసి చెవిటి పిల్లలను పుట్టిస్తున్నాయన్న మాట.

ఎనిమిది వారాల లెక్క

కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్ర ప్రభుత్వం 2017లో నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకు 18 నెలలు నిండనిదే దాటించకూడదు. ఏడాదికి ఒక ఈతకు మించి, జీవితంలో ఐదు ఈతలకు మించి తీయకూడదు. అమ్మకానికి పిల్లలను పుట్టించేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి.

ఎనిమిది వారాల నియమం పిల్ల మేలుకే కాదు, కొనేవాడి మేలుకు కూడా. ఎలాగంటే, చాలా తెల్లపిల్లలకు పుట్టినప్పుడు ముక్కు గులాబి రంగులోనే ఉంటుంది. మామూలు నాటుకుక్క పిల్ల అయితే వారాలు గడిచే కొద్దీ ముక్కు నల్లబడుతుంది. ఇరవై రోజుల పిల్ల ముక్కు చూసి రాజపాళయం అనుకుంటే, రెండో నెలలో నల్లముక్కు బయటపడుతుంది. కళ్లూ అంతే. చిన్నప్పుడు అన్ని పిల్లల కళ్లూ నీలంగానే కనిపిస్తాయి. అసలు రంగు తర్వాత తేలుతుంది. ఆ తర్వాత కూడా కళ్లు లేత నీలంగానే ఉండిపోయిన తెల్లపిల్లకు చెవుడు ఉండే అవకాశం ఎక్కువ గనుక దాన్ని మరింత జాగ్రత్తగా పరీక్షించాలి. చెవుల సంగతి అన్నింటికంటే ముఖ్యం. పిల్ల చెవి తెరుచుకునేదే రెండు వారాలు దాటాక. చెవుడు తేలేది నెల దాటాక. అంటే నెలలోపు పిల్లను అమ్మేవాడు లోపం బయటపడకముందే సరుకు వదిలించుకుంటున్నాడన్న మాట.

తల్లి దగ్గర ఎనిమిది వారాలు గడిపిన పిల్ల పాలు మాని తిండి తినడం నేర్చుకుంటుంది. తోడపుట్టిన వాటితో ఆడుకుంటూ, ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిది ఏడుస్తుందో తెలుసుకుంటుంది. ముందుగా విడదీసిన పిల్ల పిరికిది గానో, ఊరికే కరిచేది గానో తయారయ్యే ప్రమాదం ఉంది. పసిపిల్లలున్న ఇంటికి అలాంటి కుక్క పనికిరాదు.

ఇంకొక లెక్క కూడా ఉంది. కుక్క చూలు మోసేది తొమ్మిది వారాలు. ఆ పైన పిల్లలు ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండాలి. రెండూ కలిపితే నాలుగు నెలలు. ఒకటి రెండు ఆడకుక్కలున్న నిజమైన పెంపకందారు దగ్గర ఏడాదిలో చాలా రోజులు అమ్మడానికి పిల్లలే ఉండవు. "ఎప్పుడడిగినా ఉన్నాయి, ఏ రంగు కావాలన్నా పంపిస్తాం" అనేవాడు పెంపకందారు కాడు, బేరగాడు.

రాజుగారి పెరట్లో

మొదట చెప్పిన మామిడితోట రైతు ఆ దెబ్బతో ఊరుకోలేదు. ఈసారి ఫోను పక్కనపెట్టి, బావమరిదిని వెంటబెట్టుకుని కాట్పాడిలో రైలెక్కి మదురై, అక్కడి నుంచి బస్సులో రాజపాళయం వెళ్లాడు. వచ్చిన అరవం నాలుగు ముక్కలే. ఎట్లా మాట్లాడాలా అని దారి పొడుగునా దిగులుపడ్డాడు. ఊళ్లో పశువైద్యుడిని అడిగితే ఒక పెద్దాయన ఇంటికి దారి చూపారు. గుమ్మంలో నిలబడి తడబడుతూ అరవంలో మొదలుపెడితే, "చిత్తూరు వైపు నుంచా? తెలుగులోనే చెప్పండి" అన్నారాయన. యాస వేరే గాని మాట మనదే.

ఆయన దగ్గర ఉన్నవి రెండు ఆడకుక్కలు, ఒక మగకుక్క. బోనులు లేవు. పెరట్లో కొబ్బరిచెట్ల నీడన తిరుగుతున్నాయి. నేల శుభ్రంగా ఉంది. కొత్త మనుషులను చూసి కుక్కలు గట్టిగా మొరిగాయి గాని, పెద్దాయన ఒక్క మాట అనేసరికి పక్కకు పోయి పడుకున్నాయి. "పిల్ల ఎట్లా ఉంటుందో తెలియాలంటే తల్లి మనుషులతో ఎట్లా ఉందో చూడండి. తల్లిని చూపించనివాడి దగ్గర కొనకండి" అన్నారు.

ధర ఎంత అని రైతు అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. తనే ప్రశ్నలు మొదలుపెట్టారు. తోటకు కంచె ఉందా? పగలంతా గొలుసుతో కట్టేస్తారా? అన్నం పెట్టేది ఎవరు? ఇంట్లో పసిపిల్లలున్నారా? పశువుల ఆసుపత్రి ఎంత దూరం? వేటకు తీసుకెళ్తారా? ఇంతకుముందు కుక్క ఏమైంది? చెవిటి పిల్ల సంగతి రైతు చెప్పాడు. దాన్ని ఏం చేశారని పెద్దాయన అడిగారు. ఎక్కడైనా వదిలేయమని ఊళ్లో వాళ్లు చెప్పారని, "చెవుడైతే ఆకలి లేదా" అని తన భార్య ఒప్పుకోలేదని, ఇంట్లోనే ఉందని రైతు చెప్పాడు. పెద్దాయన ముఖం అప్పుడు మెత్తబడింది.

లోపలి నుంచి అట్ట చిరిగిన నోటు పుస్తకం ఒకటి తెచ్చి చూపించారు. ఏ కుక్కను ఏ మగదానితో ఏ తేదీన దాటించింది, ఎన్ని పిల్లలు పుట్టాయి, ఎన్ని బతికాయి, ఏ పిల్ల ఎవరింటికి వెళ్లింది అన్నీ రాసి ఉన్నాయి. కొన్ని పేర్ల పక్కన ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. అవి చెవిటి పిల్లలట. "నా ఈతల్లో చెవుడే లేదని చెప్పేవాణ్ణి నమ్మకండి. పుట్టినప్పుడు ఏం చేశాడో చెప్పేవాణ్ణి నమ్మండి" అన్నది ఆయన మాట. చెవిటి పిల్లలను కన్న జంటను ఆయన మళ్లీ కలపలేదు. ఆ పిల్లలను అమ్మలేదు. పిల్లలు కలగకుండా ఆపరేషను చేయించి, ఇంట్లో పెంచుకునే తెలిసినవారికి ఊరికే ఇచ్చారు.

ఆ రోజు రైతు వట్టి చేతులతోనే తిరిగి వచ్చాడు. అమ్మడానికి పిల్లలు లేవు. అడ్వాన్సు ఇస్తానంటే పెద్దాయన తీసుకోలేదు. పిల్లలు పుట్టి, చెవులు పరీక్షించాక కబురు చేస్తానన్నారు. ఐదు నెలలకు కబురు వచ్చింది.

రైతు మళ్లీ వెళ్లాడు. ఆరు పిల్లలు. నాలుగు పాల తెలుపు. ఒకటి ఒక చెవి మీద గోధుమరంగు మచ్చతో, ఇంకొకటి వీపు మీద మచ్చతో ఉన్నాయి. పెద్దాయన ఒక్కొక్క పిల్లను వేరుగా గదిలోకి తెచ్చి, అది అటు తిరిగి ఉన్నప్పుడు వెనక నుంచి తాళాల గుత్తి గలగలలాడించి చూపించారు. తెల్లవాటిలో ఒకటి తల తిప్పలేదు. దాన్ని పక్కన పెట్టేశారు. మచ్చచెవి పిల్ల గుత్తి మోగకముందే, తలుపు కిర్రుమన్న చప్పుడుకే చెవులు రిక్కించింది.

తెల్లపిల్లకు ఒక ధర, మచ్చపిల్లకు సగం ధర చెప్పారు. ప్రదర్శనలకు మచ్చ పనికిరాదని, కాపలాకు మాత్రం లోటు లేదని ఆయన అన్నారు. రైతు మచ్చచెవి పిల్లనే తెచ్చుకున్నాడు. తెస్తున్నప్పుడు పెద్దాయన ఒక మాట తీసుకున్నారు. ఎప్పుడైనా పెంచలేని పరిస్థితి వస్తే వీధిలో వదలకూడదు, ఇంకొకరికి అమ్మకూడదు, తిరిగి తన దగ్గరికే తేవాలి.

కాగితాల సంగతి

జాతికుక్కల వంశావళిని నమోదు చేసే పాత సంస్థ చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. అక్కడ నమోదైన కుక్కల పిల్లలకు ఆ సంస్థ పత్రం వస్తుంది. అందులో తల్లి, తండ్రి, వారి పెద్దల పేర్లు ఉంటాయి. కుక్క మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత చిప్ అమర్చి ఆ నంబరును పత్రంలో వేస్తారు. ఒక కుక్క పత్రాన్ని ఇంకొక కుక్కకు అంటగట్టకుండా ఇది కాపాడుతుంది. చిప్ చదివే యంత్రంతో నంబరు సరిచూసుకున్నాకే పత్రాన్ని నమ్మాలి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. పత్రం వంశం చెబుతుంది గాని ఆరోగ్యం చెప్పదు. చెవిటి కుక్కకు కూడా వంశపత్రం ఉండవచ్చు. అలాగే తరతరాలుగా ఊళ్లో పెంచుకొస్తున్న దేశవాళీ కుక్కలు అన్నింటికీ పత్రాలుండవు. పత్రం లేనంత మాత్రాన అది దొంగజాతి అయిపోదు. పత్రం లేనప్పుడు తల్లినీ తండ్రినీ కళ్లతో చూడటం, అదే ఇంటి నుంచి ముందు తీసుకెళ్లిన వారిని అడగటం ఇంకా అవసరం.

వెళ్లినప్పుడు చూడవలసినవి

పిల్ల దగ్గరికి వెళ్లేముందు తల్లిని చూడాలి. తల్లి బక్కచిక్కి, రొమ్ములు పుండ్లు పడి ఉంటే ఏడాదికి రెండుసార్లు ఈనిస్తున్నారేమో అనుమానించాలి. తల్లి ఊళ్లో లేదు, తోటలో ఉంది, ఇంకొకరి దగ్గర ఉంది అంటే వెనక్కి తిరగాలి.

తండ్రి ఎవరో, తల్లికి ఏమవుతుందో అడగాలి. అన్నాచెల్లెళ్లనూ తండ్రీకూతుళ్లనూ కలిపిన ఈత అయితే వద్దనాలి.

చెవి పరీక్ష మన కళ్ల ముందే చేయించాలి. పిల్లను తోడపుట్టిన వాటి నుంచి విడిగా ఉంచాలి. గుంపులో ఉంటే చెవిటి పిల్ల మిగతావి పరుగెత్తినప్పుడు తానూ పరుగెత్తుతుంది, వినిపించినట్టే కనిపిస్తుంది. చేయి ఊపకూడదు, నేల మీద తన్నకూడదు. నీడ కదిలినా, నేల అదిరినా చెవిటి పిల్ల తిరిగి చూస్తుంది. నిద్రపోతున్నప్పుడు కాస్త దూరం నుంచి చప్పుడు చేసి చూడటం మంచి పద్ధతి. ఒక చెవి మాత్రమే పోయిన పిల్లను ఇలా పట్టుకోలేం. దానికి యంత్రంతో చేసే పరీక్ష కావాలి. చుట్టుపక్కల ఆ సౌకర్యం ఎక్కడుందో తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి వంటి చోట విచారించవచ్చు.

పిల్ల చలాకీగా ఉందా, కళ్లలో పుసులు, ముక్కులో చీమిడి ఉన్నాయా, తోక కింద పారుడు అంటి ఉందా చూడాలి. పొట్ట ఉబ్బి ఒళ్లు చిక్కి ఉంటే నట్టలున్నట్టే. ఏ టీకా ఏ తేదీన వేశారో డాక్టరు సంతకంతో ఉన్న కార్డు అడిగి తీసుకోవాలి.

డబ్బు ముందే పంపమంటే, బస్టాండులోనో హోటలు దగ్గరో పిల్లను అందిస్తామంటే ఆ బేరం వదులుకోవడమే మేలు. ఇల్లు చూపించడానికి ఇష్టపడనివాడి ఇంట్లో ఏదో దాపరికం ఉంది.

తెచ్చిన తర్వాత

ఇంటికి తెచ్చాక పార్వో అనే రక్తవిరేచనాల జబ్బుతో పోయే పిల్లలు చాలా ఉన్నాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా పడాలి. మూడు నాలుగు వారాల ఎడంతో మళ్లీ వేయించాలి. మూడు నెలలు నిండాక పిచ్చికుక్క వ్యాధికి టీకా తప్పనిసరి. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను వీధికుక్కలతో కలవనివ్వకూడదు.

కొత్త ఇంట్లో మొదటి వారం పాత తిండే పెట్టి, తర్వాత మెల్లగా మన సంగటికి మార్చాలి. వట్టి సంగటి, మజ్జిగతో పెరిగే పిల్ల ఎముక గట్టిపడదు. గుడ్డో మాంసమో కలవాలి. తెల్లతోలు, గులాబి ముక్కు ఎండకు తట్టుకోవు గనుక నీడలో ఉంచాలి. గోమార్లు పట్టకుండా ఒళ్లు తడిమి చూస్తుండాలి.

వేట మాట మరిచిపోవాలి. పూర్వం ఈ కుక్కలను వేటకు పెంచారన్నది నిజమే గాని, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కుందేలును పట్టించినా, అడవిపంది మీదికి ఉసిగొల్పినా నేరమే. మన కౌండిన్య అడవి పక్క ఊళ్లవారికి ఇంకొక హెచ్చరిక. ఏనుగుల మీదికి కుక్కను పంపకూడదు. బెదిరిన కుక్క యజమాని దగ్గరికే పరుగెత్తి వస్తుంది, దాని వెనకే ఏనుగూ వస్తుంది. కుక్క పని మొరిగి మనిషిని లేపడం వరకే.

మామిడితోట రైతు ఇంట్లో ఇప్పుడు రెండు కుక్కలున్నాయి. మచ్చచెవిది రాత్రి ఏ చిన్న అలికిడి అయినా లేచి మొరుగుతుంది. చెవిటిది దాన్ని ఆనుకునే పడుకుంటుంది. పక్కది లేస్తే తానూ లేస్తుంది, అది ఎటు చూస్తే తానూ అటే చూసి మొరుగుతుంది. చేయి ఊపి పిలిస్తే రావడం, అరచేయి చూపితే కూర్చోవడం దానికి ఆ ఇల్లాలే నేర్పింది. ఈమధ్య మోటారు దగ్గర వైరు పోలేదు.

కుక్కను కొనాలని ఊళ్లో ఎవరైనా వచ్చి అడిగితే, ఆ రైతు ధర సంగతి ఎత్తడు. "ముందు పోయి తల్లిని చూసి రాప్పా" అంటాడు.